పడితే ఏమవ్వాలి? ప్రిన్స్ ఆఫ్ పర్షియా 36 ఏళ్లలో ఇచ్చిన జవాబులు

ధవళేశ్వరం నుంచి మళ్లీ వచ్చేశాను. ఈ ఎపిసోడ్ కొంచెం పెద్దది. బస్‌లో ఉంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఇంట్లో ఉంటే ఓ టీ పెట్టుకోండి.

ఈ రోజు ఒకే ఒక్క ప్రశ్న. గేమ్ ఆడుతున్నారు. మీ హీరో దూకాడు, అందలేదు, గోతిలో పడ్డాడు. తర్వాత ఏం జరగాలి?

చాలా చిన్న ప్రశ్నలా ఉంది కదా? "ఏముంది బ్రో, గేమ్ ఓవర్, మళ్లీ స్టార్ట్" అంటారు. కానీ ఒక గేమ్ సిరీస్ 1989 నుంచి ఇప్పటిదాకా ఈ ఒక్క ప్రశ్న మీదే బతికింది. ప్రతి పదేళ్లకీ కొత్త జవాబు చెప్పింది. సరైన జవాబు దొరికినప్పుడు ప్రపంచం మొత్తం ఆడింది. దొరకనప్పుడు ఆ సిరీస్ అడ్రస్ లేకుండా పోయింది. దాని పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా.

మీ ఇంట్లో నలభై దాటిన బాబాయో మావయ్యో ఉంటే ఒకసారి ఈ పేరు చెప్పి చూడండి. డాస్, ఫాక్స్‌ప్రో నేర్పే కంప్యూటర్ సెంటర్ల రోజులవి. సార్ పక్కకెళ్లగానే బ్లాక్ స్క్రీన్ మీద "ప్రిన్స్" అని టైప్ చేసి ఎంటర్ కొట్టేవాళ్లు. తెల్ల బట్టలేసుకున్న కుర్రాడు చెరసాలలో పరిగెడతాడు, అదే. మా బ్యాచ్ వాళ్లకి అయితే ఇదే పేరు కీప్యాడ్ ఫోన్లో పరిచయం. గేమ్‌లాఫ్ట్ వాళ్లు జావా ఫోన్లకి చేసిన ప్రిన్స్ అది. 5 నొక్కితే కత్తి, 2 నొక్కితే జంప్. ఇప్పుడు మీ చేతిలో ఉన్న టచ్ ఫోన్లో కూడా ఈ సిరీస్ ఉంది. అంటే మూడు తరాలు, మూడు రకాల మెషీన్లు, ఒకటే పేరు. అది ఎలా నిలబడిందో చూద్దాం.

ముందు మన ఆటతో మొదలుపెడదాం: వైకుంఠపాళి. పందెం వేస్తారు, పైకి వెళ్తారు, ఇంకో రెండు గళ్లు దాటితే గెలుపు. అక్కడ పెద్ద పాము కూర్చుని ఉంటుంది. మింగిందంటే సర్రున కిందకి. ఆ ఆటలో నిచ్చెన ఎక్కినప్పటి ఆనందం కంటే పెద్ద పాము ముందు గడిలో కూర్చున్నప్పటి భయమే గట్టిగా గుర్తుంటుంది. ఎందుకంటే అక్కడ పడితే కట్టాల్సిన రేటు ఎక్కువ. ఆ రేటు తగ్గించేస్తే, అంటే పాము ఒక్క గడే కిందకి దింపితే, ఆట చప్పగా అయిపోతుంది. మరీ పెంచేస్తే, అంటే ప్రతి గడిలోనూ పాము ఉంటే, ఎవడూ ఆడడు. గేమ్ డిజైన్ అంటే చాలావరకు ఈ రేటు ఫిక్స్ చేయడమే. దీన్ని మనం ఈ ఎపిసోడ్ అంతా "పడిన రేటు" అందాం.

ఇప్పుడు 1989కి వెళ్దాం.

జోర్డన్ మెక్నర్ అని ఒక అమెరికన్ కుర్రాడు. యేల్ యూనివర్సిటీలో చదువుతూనే 1984లో కరాటెకా అనే గేమ్ చేసి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత అరేబియన్ నైట్స్ ఫీల్‌తో ఒక సాహసం చేయాలనుకున్నాడు. 1985లో తన తమ్ముడు డేవిడ్‌కి తెల్ల బట్టలేసి, పరిగెత్తమని, దూకమని, గోడ పట్టుకుని వేలాడమని చెప్పి వీడియో తీశాడు. ఆ వీడియోలో ఒక్కో ఫ్రేమ్ చూసి, దాన్నిబట్టి కంప్యూటర్లో బొమ్మ గీశాడు. ఈ పద్ధతిని రోటోస్కోపింగ్ అంటారు. కత్తి యుద్ధానికి 1938 నాటి రాబిన్ హుడ్ సినిమా క్లైమాక్స్ ఫైట్ చూసి అలాగే ఫ్రేములు తీసుకున్నాడు. మ్యూజిక్ వాళ్ల నాన్న ఫ్రాన్సిస్ చేశాడు. తమ్ముడి ఒళ్లు, నాన్న పాట, అన్న కోడ్. ఇంటిల్లిపాదీ కలిసి చేసిన గేమ్ అన్నమాట.

దీనివల్ల ఏమైందంటే, ఆ రోజుల్లో మిగతా గేముల్లో హీరో బంతిలా ఎగిరేవాడు. ఈ రాకుమారుడికి మాత్రం బరువు ఉంది. బటన్ నొక్కగానే ఆగడు, రెండడుగులు వేసి ఆగుతాడు. దూకాడంటే మధ్యలో మనసు మార్చుకోలేడు. కాబట్టి పడినప్పుడు నిజంగా ఎవరో మనిషి పడినట్టే ఉంటుంది. ముళ్ల మీద పడితే ఒక్క క్షణం కడుపులో తిప్పుతుంది.

ఇక రేటు ఏంటి? చచ్చిపోతే ఆ లెవెల్ మొదటి నుంచి ఆడాలి. అది మామూలే. అసలు దెబ్బ ఇంకోటి ఉంది. రాకుమారిని కాపాడటానికి మొత్తం గేమ్‌కి కలిపి 60 నిమిషాలే టైమ్. మీరు చచ్చినా గడియారం ఆగదు. లెవెల్ వెనక్కి వెళ్తుంది, టైమ్ మాత్రం వెనక్కి రాదు. అంటే పడిన ప్రతిసారీ మీరు టైమ్‌తో కడుతున్నారు. మొదటి జవాబు ఇది: "పడితే నీ టైమ్ పోతుంది, ఇంక తిరిగి రాదు."

ఇంకో విషయం చెప్పి ముందుకెళ్తా, ఎందుకంటే ఇది నాకు ఈ మొత్తం సిరీస్‌లో చాలా ఇష్టమైన ముక్క. ఆపిల్ టూ కంప్యూటర్లో మెమరీ కిలోబైట్లలో ఉండేది. ఇప్పుడు మీ ఫోన్ కెమెరాతో తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. కొత్త విలన్ బొమ్మలు పెట్టడానికి చోటే లేదు. అప్పుడు మెక్నర్ ఉన్న రాకుమారుడి బొమ్మలనే కొంచెం జరిపి, వాటిమీదే కలిపి, మెరుస్తున్న నీడ లాంటి ఒక మనిషిని తయారుచేశాడు. కథలో ఏమవుతుందంటే, నాలుగో లెవెల్లో మీరు ఒక అద్దంలోంచి దూకుతారు, అవతలి వైపు నుంచి మీ నీడ బయటికొచ్చి పారిపోతుంది. తర్వాత మీరు తాగాల్సిన మందు అది తాగేస్తుంది, మీరు దూకే టైమ్‌కి గేటు మూసేస్తుంది. చివర్లో దాంతో కత్తి యుద్ధం. దాన్ని పొడిస్తే మీకే దెబ్బ తగులుతుంది! దారి ఏంటంటే, కత్తి లోపల పెట్టేసి దాని దగ్గరికి నడవాలి. ఇద్దరూ ఒక్కటైపోతారు. మెమరీ లేక చేసిన సర్దుబాటు, కథకే ప్రాణం అయిపోయింది. ఈ నీడని గుర్తుపెట్టుకోండి, 35 ఏళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

గేమ్ 1989లో ఆపిల్ టూ మీద వచ్చినప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ మెషీన్‌కే అప్పటికి రోజులు దగ్గరపడ్డాయి. తర్వాత పీసీకి, ఇంకా చాలా మెషీన్లకి వెళ్లాక హిట్ అయింది. 1993లో రెండో భాగం వచ్చింది. అక్కడిదాకా బానే ఉంది.

1999లో మూడోది వచ్చింది: ప్రిన్స్ ఆఫ్ పర్షియా త్రీడీ. టూంబ్ రైడర్ ప్రపంచాన్ని ఊపేస్తున్న రోజులవి. అందరూ త్రీడీకి వెళ్తుంటే మనమూ వెళ్దాం అనుకున్నారు. వెళ్లారు, బోర్లా పడ్డారు. కెమెరా ఎటు తిరుగుతుందో తెలీదు, కంట్రోల్స్ మాట వినవు, బగ్స్ బోలెడు. ఇక్కడ అసలు సమస్య గ్రాఫిక్స్ కాదు. పాత గేమ్‌లో పడితే "ఒక్క అడుగు ముందే దూకాల్సింది" అని మీకు తెలుస్తుంది. ఇందులో పడితే ఎందుకు పడ్డారో మీకే తెలీదు. తప్పు నాదా, కెమెరాదా? రేటు మాత్రం కట్టించుకుంటారు. కారణం చెప్పకుండా ఫైన్ వేస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది కదా.

కొత్తగా మారడం అంటే ఏంటో మా ఊరు చూసి చెప్పొచ్చు. ఇక్కడ కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు మీరు బస్‌లో దాటే బ్యారేజీ 1982లో పూర్తయింది. రాతి కట్ట పోయి 175 గేట్లు వచ్చాయి, పైన రోడ్డు వచ్చింది. చూడటానికి రెండిటికీ పోలికే లేదు. కానీ పని అదే: గోదారిని ఇక్కడ ఆపి, కాలవల్లోకి మళ్లించి, డెల్టా అంతా తడపడం. రూపం మొత్తం మార్చి, పని అలాగే ఉంచారు. 1999 ప్రిన్స్ చేసింది దీనికి రివర్స్. రాకుమారుడు, కోట, కత్తి, అన్నీ ఉంచి పని పోగొట్టింది. గేట్లు మెరుస్తున్నాయి, కాలవలో నీళ్లు లేవు.

తర్వాత ఫ్రెంచ్ కంపెనీ యుబిసాఫ్ట్ చేతికి ఈ సిరీస్ వెళ్లింది. కెనడాలోని మాంట్రియల్ స్టూడియోలో పాట్రీస్ డెసిలే టీమ్ పని మొదలుపెట్టింది. మెక్నర్‌ని కూడా పిలిచి కథ రాయించుకున్నారు. 2003లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్ వచ్చింది.

ఇందులో రాకుమారుడి చేతిలో ఒక బాకు ఉంటుంది, దాని పిడిలో ఇసుక. మీరు దూకి పడిపోతుంటే బటన్ నొక్కండి. టైమ్ వెనక్కి తిరుగుతుంది. మీ కళ్ల ముందే కుర్రాడు గాల్లోంచి వెనక్కి లేచి, దూకకముందు ఎక్కడున్నాడో అక్కడికి వచ్చి నిలబడతాడు. చివరి కొన్ని సెకన్లు చెరిపేసి మళ్లీ రాసుకోవచ్చు.

ఇది వెనకాల ఎలా పనిచేస్తుందో మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తా. ఇలాంటి ఫీచర్ కట్టే మామూలు పద్ధతి ఏంటంటే, ప్రతి క్షణం హీరో ఎక్కడున్నాడు, ఏ భంగిమలో ఉన్నాడు, శత్రువు ఎక్కడున్నాడు అని రాసుకుంటూ పోవడం. పుస్తకం నిండగానే అన్నిటికంటే పాత పేజీ చింపి కొత్త పేజీ పెట్టడం. బటన్ నొక్కితే ఆ పేజీలు వెనక నుంచి ముందుకి చదవడం. అంతే. వర్డ్‌లో అన్‌డూ, కోడ్‌లో గిట్, అన్నీ ఈ కుటుంబమే. కోడ్ పాడైతే నిన్నటి వెర్షన్‌కి వెళ్లొచ్చు అన్న ధైర్యం లేకపోతే ఏ డెవలపరూ కొత్త ప్రయోగం చేయడు. బాకు చేసిన మ్యాజిక్ కూడా అదే. పడినా వెనక్కి రావొచ్చు అని తెలిశాక ఆడేవాళ్లు గోడల మీద పరిగెత్తారు, స్తంభాల మీద నుంచి స్తంభాల మీదకి ఎగిరారు. భయం తగ్గించేసరికి సాహసం పెరిగింది.

మరి రేటు లేకుండా పోయిందా? లేదు. బాకులో ఇసుక కొంచెమే ఉంటుంది. అయిపోతే, శత్రువుల్ని కొట్టి మళ్లీ నింపుకోవాలి. ఇసుక లేనప్పుడు పడితే చావే. ఇంకో అందం ఏంటంటే, ఈ కథంతా రాకుమారుడే మనకి చెప్తుంటాడు. మీరు చచ్చిపోతే, కథ చెప్పేవాడు నాలుక కరుచుకుని, కాదు కాదు, అలా జరగలేదు, మళ్లీ చెప్తాను అన్నట్టు సర్దుకుంటాడు. గేమ్ ఓవర్ కూడా కథలో భాగమైపోయింది. రెండో జవాబు: "పడితే వెనక్కి తిప్పుకో, కానీ లెక్క చూసుకుని తిప్పుకో."

1989లో టైమ్ మీ శత్రువు. 2003లో అదే టైమ్ మీ ఆయుధం. వస్తువు మారలేదు, ఎవరి పక్షాన ఉందో మారింది. నా దృష్టిలో ఒక సిరీస్‌ని కొత్తగా మార్చడానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ లేదు.

2004లో వారియర్ వితిన్ వచ్చింది. లుక్ మొత్తం మార్చేశారు. రక్తం, హెవీ మెటల్ పాటలు, కోపంగా తిరిగే గడ్డం హీరో. దీన్ని చూసి పాత ఫ్యాన్స్ చాలామంది ముఖం చిట్లించారు. కానీ కథలో ఒక్క ఐడియా మాత్రం కత్తిలా ఉంది. దహాకా అని ఒక నల్లటి రాక్షసుడు హీరో వెంటపడతాడు. ఎందుకు? ఇసుకని విడుదల చేసినవాడు చచ్చిపోవాలి, అది రాసిపెట్టి ఉంది. మనవాడు టైమ్‌ని వెనక్కి తిప్పుకుని బతికేశాడు. ఆ లెక్క సరిచేయడానికి వచ్చినవాడే దహాకా. అంటే మొదటి గేమ్‌లో మీరు హాయిగా వాడుకున్న అన్‌డూ బటన్‌కి రెండో గేమ్‌లో బిల్లు వచ్చింది. వాడు వెనకాల వస్తుంటే పరిగెత్తే సీన్లు ఆడినవాళ్లకి ఇప్పటికీ గుర్తుంటాయి.

ఇక్కడే ఒక పెద్ద చీలిక. డెసిలే తర్వాతి ప్రిన్స్ కోసం ఒక ఆలోచన చేశాడు: హీరో రాకుమారుడు కాదు, అతన్ని కాపాడే హంతకుడు. ప్రిన్స్ పేరు పెట్టుకుని ప్రిన్స్ హీరో కాకపోతే ఎలా అని ప్రశ్న వచ్చింది. చివరికి అది వేరే పేరుతో 2007లో బయటికొచ్చింది. ఆ పేరు మీ అందరికీ తెలుసు: అసాసిన్స్ క్రీడ్. ఇందులో కూడా చూడండి, మీరు చచ్చిపోతే "డీసింక్రొనైజ్డ్" అని వస్తుంది. మీ పూర్వీకుడి జ్ఞాపకంలో అలా జరగలేదు కాబట్టి మళ్లీ ఆడమని. కథ చెప్పేవాడు నాలుక కరుచుకోవడమే, సైన్స్ ఫిక్షన్ చొక్కా వేసుకుని వచ్చింది. పిల్ల సిరీస్ తల్లి కంటే పెద్దదైపోయింది, కానీ పోలిక పోలేదు.

2008. మళ్లీ కొత్త ప్రిన్స్, కొత్త కథ, పేరు మాత్రం మొదటి గేమ్‌దే. ఈసారి పక్కన ఎలికా అని ఒక అమ్మాయి ఉంటుంది, ఆమెకి మంత్రశక్తి. మీరు ఎక్కడ పడినా, ఎన్నిసార్లు పడినా, ఆమె వచ్చి చెయ్యి పట్టుకుని పైకి లాగుతుంది. గేమ్ ఓవర్ స్క్రీన్ అనేదే లేదు. మూడో జవాబు: "పడితే నేనున్నాను."

ఫ్యాన్స్ చాలామంది మండిపడ్డారు. చావే లేకపోతే ఇంక గేమ్ ఏంటి అన్నారు. నిజానికి ఆమె పట్టుకుని మిమ్మల్ని దించేది చివరిగా నిలబడ్డ గట్టి నేల మీదే. అంటే మిగతా గేముల్లో చెక్‌పాయింట్ చేసే పనే ఇది. లోడింగ్ స్క్రీన్ బదులు ఒక మనిషి చెయ్యి పెట్టారు, అంతే తేడా. కానీ వైకుంఠపాళి సూత్రం ఇక్కడ పనిచేసింది. రేటు కనబడకపోతే భయం ఉండదు, భయం లేకపోతే దాటానన్న తృప్తి ఉండదు. వాళ్ల కోపంలో కూడా న్యాయం ఉంది.

అయితే ఈ గేమ్ చివర్లో ఒకటి జరుగుతుంది. స్పాయిలర్, ఇష్టం లేనివాళ్లు ఒక నిమిషం స్కిప్ చేయండి. మిమ్మల్ని లెక్కలేనన్ని సార్లు పట్టుకున్న ఎలికా, చెడ్డ దేవుడు అహ్రిమాన్‌ని బంధించడానికి తన ప్రాణం ఇచ్చేస్తుంది. ఇప్పుడు ఆమె పడింది. పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. అప్పుడు గేమ్ మీ చేతే చెట్లు నరికిస్తుంది. అవి నరికితే ఆమె బతుకుతుంది, కానీ అహ్రిమాన్ బయటికొచ్చేస్తాడు. ఇంతసేపూ మీరు చేసిన కష్టమంతా గంగపాలు. అయినా మీరు నరుకుతారు. కట్టని రేటు ఎక్కడికీ పోలేదు, మొత్తం ఒకేసారి కట్టించుకున్నారు.

2010లో సినిమా వచ్చింది, ఇంకో గేమ్ వచ్చింది. తర్వాత కన్సోల్, పీసీల మీద పెద్ద ప్రిన్స్ గేమ్ అంటూ 2024 దాకా లేదు. ఫోన్లో చిన్నచిన్నవి వచ్చాయి కానీ, సిరీస్ దాదాపు 14 ఏళ్లు నిద్రపోయింది.

ఆ నిద్రలో జరిగిన ఒక సంగతి మన దేశానికి సంబంధించింది. 2020 సెప్టెంబర్‌లో శాండ్స్ ఆఫ్ టైమ్ రీమేక్ ప్రకటించారు. చేసేది ఎవరు? యుబిసాఫ్ట్ పుణే, ముంబై స్టూడియోలు. ఇంత పేరున్న గేమ్‌ని మన దేశంలో కూర్చుని ముందుండి నడిపిస్తున్నారంటే ఇక్కడ గేమ్ డెవలపర్ అవ్వాలనుకునే ప్రతి కుర్రాడికీ, ప్రతి అమ్మాయికీ అదొక పండగ వార్త. ట్రైలర్ వచ్చింది. గ్రాఫిక్స్ పాతగా ఉన్నాయని నెట్ అంతా తిట్టిపోసింది. 2021 జనవరిలో రావాల్సింది మార్చికి వెళ్లింది, తర్వాత తేదీ లేకుండా పోయింది. 2022 మేలో ప్రాజెక్టుని మాంట్రియల్‌కి మార్చారు. 2026 జనవరిలో మొత్తానికే రద్దు చేశారు.

లోపల ఏం జరిగిందో మనం బయట కూర్చుని తీర్పు చెప్పడం కరెక్ట్ కాదు. నేను ఒక్కటే గమనించమంటా. పడినవాడు పది సెకన్లు వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించొచ్చు అని ప్రపంచానికి నేర్పిన గేమ్ అది. దాన్ని మళ్లీ కడుతున్నవాళ్లు అందరి ముందూ ఒక్కసారి జారారు. వాళ్ల బాకులో ఇసుక లేదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఇది బాగా తెలుసు: కోడ్‌ని వెనక్కి తిప్పొచ్చు, జనం చూసేసిన డెమోని తిప్పలేం. ఆ పేర్లు తెలియని ఇంజనీర్లు, ఆర్టిస్టులు ఏళ్ల తరబడి చేసిన పని మనం ఎప్పటికీ ఆడలేం.

ఇదే కుటుంబంలో ఇంకో మాట. 1989 ఆపిల్ టూ గేమ్ అసలు కోడ్ ఎక్కడుందో మెక్నర్‌కే చాలా ఏళ్లు దొరకలేదు. 2012లో వాళ్ల నాన్న ఒక పెట్టెలో పాత ఫ్లాపీలు చూసి కొడుక్కి పంపించాడు. వాటిలోంచి కోడ్ బయటికి తీసి, గిట్‌హబ్‌లో అందరికీ పెట్టేశాడు. మీరు ఇప్పుడు ఫోన్లో కూడా తెరిచి చూడొచ్చు. పోయిందనుకున్నది కొన్నిసార్లు అలా అటక మీద దొరుకుతుంది.

సరే, 2024కి వద్దాం. జనవరిలో ది లాస్ట్ క్రౌన్ వచ్చింది. చేసింది ఫ్రాన్స్‌లోని మాంట్‌పెల్లియే స్టూడియో, రేమన్ గేములు చేసినవాళ్లు. వీళ్లు ధైర్యంగా రెండు పనులు చేశారు. త్రీడీ వదిలేసి మళ్లీ పక్కనుంచి చూసే పాత పద్ధతికి వెళ్లారు. రాకుమారుణ్ణి హీరోగా తీసేశారు! హీరో సార్గోన్ అనే యోధుడు, ఎత్తుకుపోయిన రాకుమారుణ్ణి వెతుక్కుంటూ వెళ్తాడు. డెసిలే ఆలోచన గుర్తుందా? అప్పుడు కుదరనిది ఇప్పుడు కుదిరింది. కావాలంటే పాత్రలు పర్షియన్ భాషలోనే మాట్లాడేలా పెట్టుకుని ఆడొచ్చు కూడా.

ఇందులో ముళ్ల మీద పడితే కొంచెం ప్రాణం పోయి చివరి గట్టి నేల మీద లేస్తారు, మొత్తం చస్తే చివరిగా ఆగిన చెట్టు దగ్గర లేస్తారు. అది మామూలే. కొత్తది ఏంటంటే జ్ఞాపకాల ముక్కలు. ఒక చోటికి వెళ్లారు, ఇప్పుడు దాటలేరు. బటన్ నొక్కితే ఆ చోటు ఫోటో తీసి మ్యాప్ మీద అంటిస్తుంది. శక్తి వచ్చాక మళ్లీ రావొచ్చు. దూకుళ్లు మరీ కష్టమైతే, ఆ ముక్క దాటించే దారి తెరిచే ఆప్షన్ కూడా ఉంది. ఇష్టమైనవాళ్లు ఆన్ చేసుకోవచ్చు, లేనివాళ్లు లేదు. నాలుగో జవాబు: "ఇప్పుడు కాకపోతే తర్వాత రా, గుర్తు పెట్టుకుంటాను. నీ రేటు నువ్వే ఎంచుకో."

నీడని గుర్తుపెట్టుకోమన్నాను కదా. సార్గోన్‌కి వచ్చే ఒక శక్తి ఏంటో తెలుసా? తన నీడని ఒకచోట నిలబెట్టి ముందుకెళ్లడం, కావాలనుకున్నప్పుడు టక్కున ఆ నీడ దగ్గరికి తిరిగొచ్చేయడం. 1989లో మెమరీ చాలక పుట్టిన నీడ, 35 ఏళ్ల తర్వాత హీరో చేతిలో పనిముట్టు అయింది.

అదే ఏడాది మేలో ది రోగ్ ప్రిన్స్ ఆఫ్ పర్షియా ముందస్తుగా వచ్చి, 2025 ఆగస్టులో పూర్తి గేమ్ అయింది. డెడ్ సెల్స్ మీద పనిచేసిన ఈవిల్ ఎంపైర్ అనే టీమ్ చేసింది. ఇందులో చచ్చిపోతే మళ్లీ మొదటికే. దారులు మారిపోతాయి, కానీ మీరు తెలుసుకున్న విషయాలు, సంపాదించిన కొన్ని వస్తువులు మీతోనే ఉంటాయి.

ఈ రకం గేముల్ని రోగ్‌లైక్, రోగ్‌లైట్ అంటారు. కొత్తగా అనిపిస్తోందా? చందమామ చదివిన అమ్మమ్మని అడగండి, ఇది ఆవిడకి తెలిసిన ఆటే. విక్రమార్కుడు చెట్టెక్కి శవాన్ని దించుతాడు, భుజాన వేసుకుని నడుస్తాడు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. రాజు జవాబు చెప్తాడు, మౌనం పోతుంది, శవం మళ్లీ చెట్టు మీదకి. గేమ్ ఓవర్, మళ్లీ మొదటికి. అసలు బేతాళ కథలు పాతికే. చందమామ వాళ్లు ఆ చెట్టు, ఆ శవం, ఆ మౌనం అలాగే ఉంచి, లోపలి కథ మాత్రం నెలకొకటి కొత్తది అల్లి, దశాబ్దాలపాటు నడిపారు. పిల్లలు విసుక్కోలేదు. ఎందుకంటే రాజు మొదటికి వచ్చినా ఖాళీ చేతులతో రాలేదు, ఒక కథ, ఒక ధర్మసందేహం వెంట తెచ్చుకున్నాడు. పట్టు వదలని విక్రమార్కుడు అని మనం ఊరికే అనం. ఐదో జవాబు అదే: "పడితే మొదటికే, కానీ నేర్చుకున్నది నీదే."

అయితే మంచి జవాబు చెప్పినంత మాత్రాన కథ సుఖాంతం అవ్వదు. లాస్ట్ క్రౌన్‌ని అందరూ మెచ్చుకున్నారు. అయినా 2024 అక్టోబర్‌కల్లా ఆ టీమ్ వాళ్లు వేరే ప్రాజెక్టులకి వెళ్లిపోయారని బయటికొచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, ఇది మీ ఫోన్‌కి సంబంధించింది. ఇప్పటిదాకా మనం చూసిన జవాబులు: టైమ్ పోతుంది, లెక్క చూసి వెనక్కి తిప్పుకో, నేను పట్టుకుంటా, తర్వాత రా, నేర్చుకుని మళ్లీ రా. ఈ ఐదింటిలో ఏదైనా మీకు నచ్చకపోవచ్చు. కానీ అన్నీ ఆట లోపలి జవాబులే. మీరు కట్టే రేటు ఆటలోనే పుట్టి ఆటలోనే తీరిపోతుంది.

మన ఫోన్లలో ఫ్రీగా దొరికే చాలా గేముల్లో ఆరో జవాబు ఉంది. పడ్డారా? 30 సెకన్ల యాడ్ చూడండి, లేపుతాం. వద్దా? వజ్రాలు కొనండి. అదీ వద్దా? ఆగండి. క్యాండీ క్రష్‌లో ఐదు లైఫ్‌లు అయిపోతే ఒక్కోటి రావడానికి అరగంట పడుతుంది. ఇక్కడ రేటు ఆట దాటి బయటికొచ్చింది. మీ జేబులోకి, మీ రోజులోకి వచ్చింది. దీంతో ఒక మెలిక ఉంది. మీరు పడినప్పుడు డబ్బులొచ్చే గేమ్‌ని చేసేవాడు, మీరు పడకుండా ఆడటం నేర్చుకోవాలని ఎంతవరకు కోరుకుంటాడు? కావాలని ఎక్కడో ఒకచోట మిమ్మల్ని పడేస్తే వాడికే లాభం కదా. 1989లో మెక్నర్‌కి ఆ లాభం లేదు. మీరు ఒక్కసారి పడినా, వెయ్యిసార్లు పడినా ఆయనకి వచ్చేది ఒక్కటే రేటు. అందుకే ఆయన పెట్టిన ప్రతి ముల్లూ దాటగలిగేదే.

ఫ్రీ గేములన్నీ మోసం అని నేను అనట్లేదు. చేసినవాళ్లకీ జీతాలు కావాలి. లాస్ట్ క్రౌన్ కూడా 2025 ఏప్రిల్‌లో ఫోన్లకి వచ్చింది. మొదటి కొంత భాగం ఫ్రీగా ఆడనిచ్చి, నచ్చితే కొనుక్కోమంటుంది. అదొక దారి. నేను చెప్పేదల్లా, రేటు ఎక్కడ కడుతున్నారో చూసుకుని ఆడండి.

మీలో గేమ్స్ చేయాలనుకునేవాళ్లు ఉన్నారు, ప్రతి ఎపిసోడ్ కింద అడుగుతుంటారు, ఎక్కడ మొదలుపెట్టాలి బ్రో అని. గ్రాఫిక్స్ దగ్గర మొదలుపెట్టకండి. ఒక డబ్బా, ఒక గొయ్యి చాలు. డబ్బా గోతిలో పడితే ఏమవ్వాలి? దీనికి మీ సొంత జవాబు దొరికితే అదే మీ గేమ్. 36 ఏళ్లుగా ఈ సిరీస్‌లో బొమ్మలు మారాయి, హీరో మారాడు, కంపెనీ మారింది, టూడీ త్రీడీ అయి మళ్లీ టూడీ అయింది. నిలబడ్డప్పుడల్లా ఈ ఒక్క ప్రశ్న పట్టుకునే నిలబడింది.

ఆడేవాళ్లకి ఇంకో పని. ఈ రాత్రి మీ ఫోన్లో మీరు ఎక్కువగా ఆడే గేమ్ తెరవండి. కావాలనే గోతిలో పడండి. చెయ్యి తీసేసి, తర్వాత స్క్రీన్ మీద మొట్టమొదట ఏం వస్తుందో చూడండి. మీకు ఏదైనా నేర్పుతోందా, ఇంకోసారి రమ్మంటోందా, లేక ఏదైనా అమ్ముతోందా? గేమ్ పేరు, వచ్చిన జవాబు, రెండూ కింద రాయండి. అన్నీ చదువుతా. బాగున్న వాటిని వచ్చే ఎపిసోడ్‌లో పేరు పేరునా మాట్లాడుకుందాం.

ఉంటానండి మరి. జాగ్రత్తగా దూకండి.